గేరు పడడానికి పట్టే ఆలస్యం

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్‌ల మీదుగా విజయవాడ వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద కారు గేర్‌బాక్సుకు రెండు పరీక్షలు వెంటవెంటనే ఎదురవుతాయి. మొదటిది నెమ్మది పరీక్ష: మెట్రో స్తంభాల పక్కనా, కూడళ్ల దగ్గరా పది గజాలు కదిలి ఆగుతూ, మళ్లీ పది గజాలు కదులుతూ, ఎండాకాలపు 40 డిగ్రీల వేడిలో సాగే ప్రయాణం అది. రెండవది వేగ పరీక్ష: పెద్ద అంబర్‌పేట్ దగ్గర 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి ర్యాంపు ఎక్కిన కారు, 2023లో గంటకు 120 కిలోమీటర్లకు పెంచిన గరిష్ఠ వేగ పరిమితిలో దూసుకువచ్చే వాహనాల మధ్యకు కొద్ది సెకన్లలో చేరుకోవాలి. మొదటి పరీక్ష గేర్‌బాక్సును వేడెక్కిస్తుంది. రెండవది ఆ వేడెక్కిన గేర్‌బాక్సునే పూర్తి బలం చూపమంటుంది. కొత్త కారుకు ఇది పెద్ద లెక్క కాదు గానీ, ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారి, పదేళ్లు దాటి, గేర్‌బాక్సు ఆయిల్ ఒక్కసారైనా మార్చని ఆటోమేటిక్ కారుకు ఆ ర్యాంపు మీది సెకన్లు గండం వంటివి.

మామూలు గేర్ల కారులో ఎడమ కాలు రోజూ వందలసార్లు క్లచ్ తొక్కుతుంది కనుక, క్లచ్ ప్లేటు అరిగే కొద్దీ పెడల్ బాగా పైకి వచ్చాక గానీ బండి అందుకోకపోవడం, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజిన్ మోత పెరిగినా కారు లాగకపోవడం, మాడు వాసన రావడం వంటి గుర్తులు నడిపేవారికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆ శ్రమను తీసివేస్తూ, శ్రమ వల్ల అబ్బే ఎరుకను కూడా తీసివేసింది. పైగా దానిలోని కంప్యూటరు, లోపలి ప్లేట్లు కొంత అరిగితే ఆయిల్ ఒత్తిడిని సవరించి ఆ లోటును పూడుస్తూ పోతుంది కాబట్టి అరుగుదల చాలాకాలం బయటపడదు. బయటపడే నాటికి పూడ్చడానికి ఏమీ మిగలదు. పాత ఆటోమేటిక్ కారును కొనడానికీ నడపడానికీ కావలసింది, అలా చేజారిన ఎరుకను సాధన చేసి తిరిగి సంపాదించుకోవడమే.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు మన ఇళ్లకు ఆలస్యంగా చేరింది. పెద్ద సంఖ్యలో తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సు అయిన హైడ్రామాటిక్‌ను అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1939లోనే ఓల్డ్స్‌మొబిల్ కార్లలో ప్రవేశపెట్టగా, మన దేశంలో అంబాసిడర్ కాలమంతా దాదాపుగా క్లచ్‌దే రాజ్యం. 2014 ఫిబ్రవరిలో మారుతి సుజుకి సెలెరియోతో క్లచ్ పెడల్ లేని కారు మధ్యతరగతి ధరకు దిగివచ్చింది. ఆ తరువాతి దశాబ్దంలో అమ్ముడైన రకరకాల ఆటోమేటిక్ కార్లే ఇప్పుడు ఎల్బీనగర్ చుట్టుపక్కల కార్ కన్సల్టెన్సీల ముందు, అంటే పాత కార్ల క్రయవిక్రయాలు జరిపే దుకాణాల ముందు, వరుసగా నిలబడి ఉంటున్నాయి. పాత ఆటోమేటిక్ కారు సామాన్య కుటుంబపు కొనుగోలుగా మారిన మొదటి తరం ఇదే.

ఆటోమేటిక్ అన్న ఒకే పేరు కింద నాలుగు వేర్వేరు యంత్రాలు చెలామణి అవుతున్నాయి. వాటిలో పాతది టార్క్ కన్వర్టర్ రకం: ఎదురెదురుగా ఉన్న రెండు రెక్కల చక్రాలలో ఒకటి ఇంజిన్‌తో తిరుగుతూ ఆయిల్‌ను రెండవదాని మీదికి విసురుతుంది, ఆ తాకిడికి రెండవ చక్రం తిరిగి చలనాన్ని గేర్లకు అందిస్తుంది, లోపల ప్లేట్ల కట్టలు ఆయిల్ ఒత్తిడితో బిగుసుకుని ఏ గేరు పడాలో ఆ గేరును పట్టిస్తాయి. రెండవది ఏఎంటీ, ఇది మామూలు గేర్‌బాక్సే, అయితే క్లచ్‌ను నొక్కే పని, గేరు మార్చే పని మనిషికి బదులు చిన్న యంత్రహస్తాలు చేస్తాయి. మూడవది డ్యూయల్ క్లచ్. ఒక క్లచ్ బేసి గేర్లనూ రెండవది సరి గేర్లనూ చూసుకుంటాయి కాబట్టి గేరు మారడం కనురెప్పపాటులో జరుగుతుంది. నాలుగవది సీవీటీ, ఇందులో మెట్ల వంటి గేర్లు ఉండవు, వెడల్పు మారే రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు నడుస్తూ వేగ నిష్పత్తిని ఎడతెగకుండా మారుస్తుంది. కొనేవారు ముందుగా తెలుసుకోవలసింది తమ ముందున్నది ఈ నాలుగింటిలో ఏది అన్న విషయమే, ఎందుకంటే ఒకదాని ఆయిల్ మరొకదానిలో పోస్తే అదే దాని చావుకు కారణం కావచ్చు.

వీటన్నిటికీ ఉమ్మడి శత్రువు వేడి. టార్క్ కన్వర్టర్ రకంలో ఆయిల్ సాధారణంగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య పనిచేస్తుంది. అక్కడి నుంచి ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సుమారు సగానికి తగ్గుతుందని ఇంజినీర్లు స్థూలంగా లెక్కిస్తారు. కారు నిలబడి ఉండగా గేరు డ్రైవ్ స్థానమైన డీ లోనే ఉంటే కన్వర్టర్‌లోని ఒక చక్రం తిరుగుతూ, రెండవది ఆగిపోయి ఉంటుంది కనుక ఇంజిన్ పంపే శక్తి అంతా ఆయిల్‌ను మరిగించడానికే ఖర్చవుతుంది. చాలా కార్లలో ఈ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ లోపలి నుంచే పోతుంది. రేడియేటర్‌లో కంపెనీ కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోస్తూ వచ్చిన కారులో ఉప్పు పేరుకుని, తుప్పు పట్టి, ఆ గొట్టానికి చిల్లు పడితే నీళ్లు గేర్‌బాక్సులోకి చేరతాయి, అప్పుడు ప్లేట్ల మీద అంటించిన పట్టు పదార్థం ఉబ్బి ఊడిపోతుంది. రేడియేటర్‌లో పోసిన చవక నీళ్లు ఖరీదైన గేర్‌బాక్సును ముంచే దారి ఇదే.

వేడి, ఆగి కదిలే ట్రాఫిక్ కలిస్తే ఏమవుతుందో ప్రపంచంలోని పెద్ద కంపెనీలే ఒప్పుకోవలసి వచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ పెట్టెలో లోపాలు బయటపడడంతో 2013 మార్చిలో ఆ కంపెనీ చైనాలో 3,84,181 కార్లను వెనక్కి పిలిచింది; అదే ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా సుమారు 16 లక్షల కార్లలో గేర్‌బాక్సు సింథటిక్ ఆయిల్‌ను తీసి మినరల్ ఆయిల్ పోయడానికి పూనుకుంది. వేడి, తేమ గల వాతావరణంలో ఆగి కదిలే ట్రాఫిక్ ఎక్కువైనప్పుడు ఆ ఆయిల్ వల్ల విద్యుత్ సరఫరాలో లోపం తలెత్తవచ్చని కంపెనీయే తెలిపింది. ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ పేరుతో అమ్మిన డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు గల ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లు వణుకుతున్నాయన్న ఫిర్యాదుల పట్ల ఆ సంస్థ వ్యవహరించిన తీరుకు ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2018 ఏప్రిల్‌లో కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా విధించింది. పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్సు గల పెట్రోల్ ఎకోస్పోర్ట్ 2013 నుంచి 2017 వరకు మన దగ్గరా అమ్ముడైంది. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ భారత్‌లో కార్ల తయారీని ఆపేస్తున్నట్లు ప్రకటించింది. ఆ గేర్‌బాక్సు గల పాత కారు చవకగా దొరకడం వెనుక ఈ చరిత్ర ఉన్నదని కొనేవారికి తెలిసి ఉండాలి.

అన్నిటికంటే భయంకరమైన వైఫల్యం చక్రాలు బిగుసుకుపోవడం. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివి అమెరికా వెళ్లే విద్యార్థులు అక్కడ మొదట కొనేది చాలాసార్లు ఓ పాత జపాన్ కారు కాబట్టి, 2004 ఏప్రిల్‌లో హోండా కంపెనీ అమెరికాలో ప్రకటించిన రీకాల్, అంటే లోపం గల కార్లను కంపెనీ తన ఖర్చుతో బాగుచేయడానికి వెనక్కి పిలవడం, వారి కుటుంబాలకు కూడా సంబంధించినదే. అకార్డ్ వీ6, ఒడిస్సీ, పైలట్ వంటి సుమారు 11 లక్షల వాహనాల ఆటోమేటిక్ గేర్‌బాక్సులో రెండవ గేరు మీదికి ఆయిల్ చాలినంత చేరక పళ్లు వేడెక్కి విరిగి, గేర్‌బాక్సు ఉన్నపళంగా బిగుసుకుపోయే అవకాశం ఉందని కంపెనీ తేల్చింది. తక్కువ తిరిగిన కార్లకు ఆ గేరు మీద ఆయిల్ చిమ్మే ఏర్పాటును అదనంగా బిగించారు. 15,000 మైళ్లు దాటిన కార్లలో మెకానిక్ గేరు పళ్లను చూసి, వేడికి ఉక్కు రంగు మారి కనిపిస్తే గేర్‌బాక్సునే మార్చాలి, మారకపోతే ఆయిల్ ఏర్పాటు బిగించి పంపాలి. వేడి ఉక్కు మీద తన గుర్తు వదిలి వెళ్తుంది, పళ్లు విరగక ముందే రంగు మారుతుంది. ముందుగా కనిపించే ఆ గుర్తును చదవగలిగితేనే ప్రమాదం తప్పుతుంది.

గేర్‌బాక్సు విప్పి చూసే వీలు కొనేవారికి ఉండదు కనుక వారు చదవవలసిన గుర్తు ఆలస్యం రూపంలో ఉంటుంది. కారును ముందుగా స్టార్ట్ చేసి ఉంచవద్దని అమ్మేవారికి చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజిన్ చల్లగానే ఉందని నిర్ధారించుకోవాలి. స్టార్ట్ చేశాక బ్రేకు మీద కాలు ఉంచి, లివర్‌ను న్యూట్రల్ స్థానమైన ఎన్ నుంచి డీ కి మార్చాలి. టార్క్ కన్వర్టర్ రకంలో దాదాపు ఒక సెకనులోగా కారు మెత్తగా ముందుకు తొణికినట్టు తెలియాలి. ఎన్ నుంచి రివర్స్ స్థానమైన ఆర్ కు మార్చినప్పుడూ అంతే. రెండు సెకన్లు దాటినా, ఆలస్యం తరువాత ధడేలుమని పడినా లోపల ఆయిల్ ఒత్తిడి తగ్గిందని అర్థం. ఇంతవరకు చాలామంది చేసేదే. అసలు పరీక్ష ఆ తరువాత మొదలవుతుంది. ఏసీ వేసి, ట్రాఫిక్‌లో అరగంటకు పైగా నడిపి, గేర్‌బాక్సు బాగా వేడెక్కాక అదే పరీక్షను మళ్లీ చేయాలి. చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉండి అరిగిన సీళ్ల మధ్య కూడా నిలబడిన ఆయిల్, వేడెక్కి పలచబడ్డాక జారిపోతుంది. ఉదయం ఇంటి ముందు బుద్ధిగా కదిలిన కారు మధ్యాహ్నం ఎల్బీనగర్ కూడలిలో మొరాయించడానికి కారణం ఇదే. కన్సల్టెన్సీ చుట్టూ ఒక్క రౌండు తిప్పి ఇచ్చే టెస్ట్ డ్రైవ్‌తో ఈ లోపం ఎన్నటికీ తెలియదు.

వేడెక్కిన కారును ఫ్లైఓవర్ ఎక్కిస్తూ ఇంజిన్ చుట్ల మీటరును గమనించాలి: వేగం పెరగకుండా ముల్లు మాత్రం పైకి లేచి, మళ్లీ దిగితే ప్లేట్లు జారుతున్నట్టు లెక్క. 50 నుంచి 70 కిలోమీటర్ల మధ్య యాక్సిలరేటర్‌ను తేలికగా తొక్కినప్పుడు, గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు సన్నని వణుకు వస్తే టార్క్ కన్వర్టర్ లోపలి లాక్ క్లచ్ అరిగిందని అనుమానించాలి. ఆయిల్ చూసే పుల్ల ఉన్న కార్లలో ఆ పుల్లను తెల్ల టిష్యూ కాగితానికి తుడిచి వెలుతురులో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. ఆటోమేటిక్ ఆయిల్ చాలావరకు ఎర్రగా, పారదర్శకంగా ఉండేది. అది ముదురు గోధుమ రంగుకు తిరిగి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలాయని, గులాబీ రంగు పాలలా తెల్లబారితే రేడియేటర్ నీళ్లు కలిశాయని, కాగితం మీద మెరిసే లోహపు రేణువులు మిగిలితే గట్టి భాగాలే అరుగుతున్నాయని గ్రహించాలి. పుల్ల లేని కార్లను లిఫ్టు మీద ఎక్కించి, కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర కింది బోల్టు విప్పి చూడవలసి ఉంటుంది. దానికి అయ్యే ఖర్చు కొనేవారే భరించినా నష్టం లేదు.

ఆయిల్ మార్పించిన తరువాతే గేర్‌బాక్సు చెడిపోయిందన్న మాట మెకానిక్ షెడ్లలో తరచుగా వినిపిస్తుంది, అందులో కొంత నిజం ఉంది. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్‌లో ప్లేట్ల నుంచి రాలిన పొడి కలిసి, జారిపోతున్న ప్లేట్లకు అదే కాస్త పట్టు ఇస్తూ ఉంటుంది. కొత్త ఆయిల్‌తో ఆ పట్టు పోతుంది, యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగితే అడుగున పేరుకున్న మడ్డి లేచి సన్నని దారులకు అడ్డం పడుతుంది. ఈ అనుభవం నేర్పవలసిన పాఠం ఆయిల్ జోలికి పోవద్దని కాదు, సమయానికి మార్చాలని. ఎన్నో కార్లకు గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్, జీవితకాలపు ఆయిల్ అన్న ప్రచారాన్ని పక్కనపెట్టి, 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు లేదా ఎనిమిదేళ్లకు మార్చడం మంచిదని చెబుతుంది. హైదరాబాద్ ఎండలోనూ ట్రాఫిక్‌లోనూ తిరిగే కారుకు అంతకంటే ముందే మార్చడం వివేకం.

కారు కదలకపోవడం ఒక ప్రమాదమైతే, ఆగి ఉండవలసినది కదలడం మరొక ప్రమాదం. పీ అంటే పార్క్. ఆ స్థానంలో గేర్‌బాక్సు లోపల ఒక చిన్న ఉక్కు కొక్కెం పళ్ల చక్రంలోకి దిగి కారును నిలబెడుతుంది, లివర్ నుంచి దాని వరకు ఒక కేబుల్ పోతుంది. 1970ల నాటి ఫోర్డ్ కార్లు పార్క్‌లో పెట్టినట్టే కనిపించి రివర్స్‌లోకి జారిపోతున్నాయన్న ఫిర్యాదులపై అమెరికా రహదారి భద్రతా సంస్థ విచారణ సాగించగా, 1980 డిసెంబరులో కుదిరిన ఒప్పందంతో ఫోర్డ్ సుమారు 2 కోట్ల 30 లక్షల వాహనాల యజమానులకు హెచ్చరిక స్టిక్కర్లు పంపడంతో సరిపెట్టింది. 2016 ఏప్రిల్‌లో ఫియట్ క్రైస్లర్ సంస్థ, పీ పడిందో లేదో స్పష్టంగా తెలియనివ్వని లివర్ కారణంగా సుమారు 11 లక్షల వాహనాలను రీకాల్ చేసింది. రెండు నెలలకు నటుడు ఆంటన్ యెల్చిన్ ఆ రీకాల్‌లో ఉన్న జీపు రకానికే చెందిన తన వాహనం ఇంటి వాలు దారిలో వెనక్కి దొర్లి మీదికి రావడంతో మరణించాడు. 2022లో ఫోర్డ్ మరో 29 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది. కేబుల్‌ను గేర్‌బాక్సుకు తగిలించే చిన్న బుష్, వేడికీ తేమకూ పాడై ఊడిపోతే, లివర్ పీ చూపిస్తున్నా గేర్‌బాక్సు వేరే గేరులో ఉండిపోవచ్చు. వేడి, తేమ మనకు కొరత లేనివే కాబట్టి పదేళ్లు దాటిన ప్రతి కారులోనూ ఆ బుష్‌ను విప్పి చూపించుకోవాలి, ఎక్కడ ఆపినా ముందు హ్యాండ్‌బ్రేక్ లాగి, ఆ తరువాతే పీ లో పెట్టాలి, ఇంజిన్ నడుస్తుండగా దిగకూడదు.

ఔటర్ మీద గేర్‌బాక్సు లాగడం మానేస్తే ఏం చేయాలన్నది ముందే మనసులో నాటుకుని ఉండాలి. లోపం పట్టుకున్న కంప్యూటరు గేర్‌బాక్సును కాపాడుకోవడానికి ఒకే గేరులో ఉంచి వేగాన్ని కట్టడి చేయవచ్చు. ఆ ఆకస్మిక మందగింపు వెనుక వచ్చే వాహనానికి తెలియదు. అందువల్ల వెంటనే నాలుగు ఇండికేటర్లు వేసి, స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని, కారు సొంత వేగంతోనే ఎడమ అంచుకు చేరాలి. చక్రాలు బిగుసుకుంటే లివర్‌ను ఎన్ లోకి తోయాలి. కదులుతున్న కారులో ఇంజిన్ ఆపకూడదు, ఆపితే స్టీరింగ్, బ్రేకులు రెండూ బరువెక్కుతాయి. పీ, ఆర్ ల జోలికి అసలు పోకూడదు. ఆగాక అందరూ ఎడమ తలుపుల నుంచి దిగి ఇనుప కంచె అవతల నిలబడాలి. జాతీయ రహదారి మీదైతే 1033 నంబరుకు ఫోన్ చేసి సాయం కోరవచ్చు. తాడు కట్టి లాక్కుపోవడం మాత్రం తగదు: గేర్‌బాక్సులో ఆయిల్ తోడే పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది కనుక, ఇంజిన్ ఆగిన కారు చక్రాల మీద దొర్లినంతసేపూ లోపలి భాగాలు ఆయిల్ లేకుండా ఒరుసుకుంటాయి. మొత్తం కారును వేదిక మీదికి ఎక్కించుకుపోయే రికవరీ బండినే పిలవాలి.

చట్టం ఈ విషయంలో సగం దూరమే వచ్చింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం లోపం గల వాహనాలను వెనక్కి పిలవమని తయారీదారును ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది, 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనలు 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు చెల్లింపులు నిర్ణయించాయి. కానీ ఆ నిబంధనలు తయారై ఏడేళ్లు నిండని వాహనాలకే వర్తిస్తాయి. వ్యక్తిగత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంటే, రీకాల్ రక్షణ ఏడేళ్లకే ముగుస్తున్నది; గేర్‌బాక్సు అలసిపోయే ఎనిమిదో ఏట నుంచి, తక్కువ డబ్బుతో కొనే రెండవ యజమానికి ఏ ఆసరా లేకుండా పోతున్నది. భద్రతకు సంబంధించిన లోపాల విషయంలోనైనా ఈ గడువును రిజిస్ట్రేషన్ గడువుతో సమానం చేయడం న్యాయం.

చట్టం మారేలోగా చేయదగిన పని ఒకటి ఉన్నది, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కారు అమ్మేటప్పుడు ఆర్సీ, ఇన్సూరెన్స్, ఫారం 29, ఫారం 30 చేతులు మారుతున్నట్టే, గేర్‌బాక్సు ఆయిల్ ఎప్పుడు ఏ రకం మార్చారో చెప్పే బిల్లులు, ఎప్పుడైనా జారిందా, వేడెక్కి ఆగిందా అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి కొనేవారి చేతిలో పెట్టాలి. మీటరు వెనక్కి తిప్పిన కారులో అంకెలు అబద్ధమాడతాయి గానీ సర్వీసు బిల్లుల మీది తేదీలు అంత తేలికగా అబద్ధమాడలేవు. లోపం దాచి అమ్మిన కారులో ఆ ర్యాంపు ఎక్కేది కొన్న వ్యక్తి ఒక్కడే కాదు, వెనుక సీటులో అతని పిల్లలూ, వెనుక వచ్చే బస్సులో ముక్కూ మొహం తెలియని నలభై మందీ ఉంటారు. అందుకే లోపం చెప్పి తక్కువ ధరకు అమ్మడం వ్యాపార ధర్మం, వేడెక్కేదాకా నడిపి చూడనిదే బయానా ఇవ్వకపోవడం కొనేవారి ధర్మం, ఈ రెండూ అలవాటైన ఊళ్లో పాత కారు పేదవాడికి ప్రాణాపాయం కాకుండా ప్రయాణ సాధనంగానే మిగులుతుంది.